చెట్లన్నీ స్త్రీలింగమే

చింతచిగురు దూస్తుంటే వేళ్ళకు పులుపు వాసన పట్టుకుంటుంది. ఆ వాసనకు అందరికీ పప్పు గుర్తొస్తుంది. నాకు మాత్రం లాటిన్ గుర్తొస్తుంది, దాని వెనకే వైశాలి గుర్తొచ్చి ఇప్పటికీ కడుపు మండుతుంది.

తొంభైల చివర్లో నేను నాందేడ్‌లో బీఎస్సీ చదివేటప్పుడు మాకు వృక్షశాస్త్రం చెప్పిన సుమిత్రా మేడంది తెలంగాణ సరిహద్దులోని దెగ్లూర్. ఇంట్లో తెలుగు, క్లాసులో మరాఠీ, ఇంగ్లీషు. మొక్కల శాస్త్రీయ నామాలు చిలకల్లా బట్టీ పట్టొద్దని, ఆదివారం ఉదయాలు తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి లాటిన్ వ్యాకరణం ఓనమాలు నేర్పేవారు. చివర 'అస్' ఉంటే పుంలింగం, 'ఆ' ఉంటే స్త్రీలింగం, 'అమ్' అయితే నపుంసకం. పేరుది ఏ లింగమో పక్కనున్న విశేషణానిదీ అదే. మాలో తెలుగింటి పిల్లను నేనొక్కదాన్నే. అందుకని మేడం నా సొంతమని నాకు నేనే పట్టా రాసుకున్నాను.

వైశాలి మరాఠీ పిల్ల. మరాఠీలోనూ లాటిన్‌లాగే వస్తువులకు సైతం మూడు లింగాలు: తో, తీ, తే. నేను వారమంతా కిందా మీదా పడి నేర్చుకున్నది దానికి అమ్మ ఒడిలోనే వచ్చేసింది. ఒకరోజు మేడం చింతచెట్టు పేరు అడిగారు. సూత్రం ప్రకారం "టామరిండస్ ఇండికస్" అన్నాను గర్వంగా. వైశాలి తల అడ్డంగా ఊపింది. "ఇండికా, మేడం. తీ చించ్ అస్తే నా!" చింత వాళ్ళ భాషలో ఆడది, అందుకని! చీకట్లో విసిరిన రాయి తగిలింది. మేడం పడీ పడీ నవ్వి, తను తాగుతున్న చాయ్ సగం సాసర్లో పోసి దానికిచ్చారు. అది ఊదుకుంటూ తాగుతుంటే నేను పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

తరువాతి వారం మామిడి వంతు. "మాంజిఫెరా ఇండికస్" అంది వైశాలి ధీమాగా. వాళ్ళ మామిడి, ఆంబా, మగవాడు మరి. నాకు పండగే. "ఇండికా" అని అరిచి చాయ్ వైపు చూశాను. మేడం చాయ్ ఇవ్వలేదు, ప్రశ్న వేశారు.

"ఎట్ల చెప్పినవే?"

"ఆఖరికి 'ఆ' ఉన్నది గద మేడం."

"మరి చింతకు 'అస్' ఉన్నది. దానికి ఇండికా ఎందుకైంది?"

నేను పుస్తకం తిరగేయబోతే మేడం ఆపారు.

"రోమ్ దిక్కు పాతోళ్ళకు చెట్లంటే ఆడవే పిల్లా, ఆఖరికి ఏమున్నా సరే. నీకు గిది ఒకరు నేర్పాల్నా? చెల్లె అచ్చింది అంటవు, చింత పూసింది అంటవు. ఆడమనిషికీ చెట్టుకూ ఒక్కటే 'ది'. నీ నోట్లనే ఉన్నది."

నేను పొంగిపోయేలోపే ఆవిడ వైశాలి వైపు తిరిగి అదంతా మరాఠీలో చెప్పేశారు. అది వెంటనే "అచ్చింది, పూసింది" అని వల్లించడం మొదలుపెట్టింది. నాకోసం పుట్టిన ఒక్క మాట, అదీ పంచేశారు! ఉండబట్టలేక "మేడం, అది మన మాట గద" అన్నాను. "మాట పంచితే తరుగుతదా ఏంది?" అన్నారు. తరుగుతుంది. నేనిప్పటికీ అదే అంటాను.

వైశాలి ఇప్పుడు భోకర్‌లో వృక్షశాస్త్రం చెబుతుంది. మేడం ఆఖరి రోజుల్లో పక్కన ఉన్నదీ అదే. పోయిన వేసవిలో ఫోన్ చేసి, మరాఠీలో మొదలుపెట్టి ఆగిపోయి, తనకు వచ్చిన ఆ కాస్త తెలుగులో, "మేడం పోయింది" అంది.

పెద్దవాళ్ళను మేమలా అనం, "పోయిండ్రు" అంటాం. దిద్దాలని నోటిదాకా వచ్చింది. కానీ దానికి తెలిసిన ప్రత్యయం అదొక్కటే, వరండాలో మేడం నేర్పిన చెట్ల ప్రత్యయం. ఏడుపు ముంచుకొస్తున్నా, నా భాషలో ఆ మాట నాకంటే ముందు అది అన్నందుకు ఒళ్ళు మండింది.

ఈ ఏడు మా వీధి చింతకు మళ్ళీ చిగురొచ్చింది. దూస్తూ దూస్తూ నాలో నేనే అనుకుంటాను: చింత చిగురేసింది, మేడం పోయింది. పోయిండ్రు అని దిద్దుకోను.