రొట్టెలు దాస్తున్నాడని చెప్పాను

ఇన్నేళ్ళుగా ఒక పిల్లవాణ్ణి గుండెల మీద మోస్తున్నాను. నా కడుపున పుట్టినవాడు కాదు. దించుకుందామంటే చోటు దొరకలేదు. నాకు సంతకం తప్ప రాత రాదు. నోటితో చెబుతాను, వినండి.

మా ఆయన పోయాక నిజామాబాదులో, తప్పు చేసిన పిల్లలను ఉంచే సర్కారు హాస్టల్లో వంటకు కుదిరాను. ఎవరినైనా సెలవు మీద ఇంటికి పంపాలంటే పెద్దసారు కాగితాలన్నీ చూసి, చివరికి నన్ను అడిగేవారు. పారిపోదామనుకున్న పిల్లవాడు నాలుగు రోజుల ముందు నుంచే జొన్నరొట్టెలు ఎండబెట్టి దాచుకుంటాడు. ఆ సంగతి వంటమనిషికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

సాయన్నకు పద్నాలుగేళ్ళు. బోధన్ దగ్గర చెరకు తోటలో మోటారు ఇత్తడి సామాను దొంగిలించి దొరికాడు. కోటగిరిలో వాళ్ళమ్మ మంచం పట్టిందని కబురొచ్చింది. ఆ పొద్దునే, హాస్టల్ పిల్లలకు వండాల్సిన పప్పు కొంత కొంగులో కట్టుకొని నేను ఇంటికి పోతుంటే వాడు చూశాడు.

“ఏందవ్వా, నీ కొంగుకు కడుపొచ్చిందా?” అని నవ్వాడు.

నవ్వులాటే. నేను మాత్రం కొంగు బిగించుకొని గబగబా గేటు దాటాను. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు. ఈ కొలువు పోతే? వాడు సారుకు చెబితే? చెప్పేవాడైతే నా ముఖం మీద అంత నిండుగా నవ్వుతాడా అని ఆ పూట ఒక్క క్షణం ఆగి అనుకొని ఉంటే, ఇవాళ మీకు ఇది చెప్పుకొనే పనే ఉండేది కాదు.

మధ్యాహ్నం సారు పిలిచారు.

“సాయన్నను రెండు దినాలు తల్లి కాడికి తోలుదామా అవ్వా? మల్లొస్తడా?”

“రొట్టెలు దాస్తుండు సారూ.”

“నీ కండ్లతోని సూసినవా?”

“సూసిన.”

వాడు ఏనాడూ ఒక్క ముక్క మిగల్చలేదు. సెలవు ఇవ్వలేదు. నాలుగో రోజున తల్లి పోయింది. ఆ వారమే వాడు గోడ దూకాడు. మళ్ళీ దొరకలేదు. నా కొంగులో పప్పు మాట వాడు పారిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

“అవ్వ ముందే పసిగట్టింది” అన్నారు సారు, అందరి ముందూ. నేను తల వంచుకున్నాను. సిగ్గనుకున్నారు. ఆ తర్వాత ఏ పిల్లవాడి విషయమైనా నా మాటే మాట. ఎందరి సెలవులు నా నాలుక మీద ఆగాయో! ఒక్కసారైనా నిజం చెప్పలేకపోయానా? నోటిదాకా వచ్చేది. మింగేదాన్ని.

సాయన్నను పంపితే, తల్లిని చూసుకొని రెండో రోజుకు తిరిగివచ్చేవాడు. సారు అడిగినప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అబద్ధమాడాను. ఈ మాట నా చెవులు వినడం ఇదే మొదటిసారి.