నా లివరూ, సమీర్ లీవూ

ఇది ఒక మహాకావ్యం. ఇందులో పోరాటం ఉంది, అజ్ఞాతవాసం ఉంది, ఒక పెళ్ళి ఉంది, స్నేహితుడి త్యాగం ఉంది, చావు గుమ్మం దాకా వెళ్ళి... ఆగండి. చావు గుమ్మం దాకా నేను వెళ్ళలేదు. ఆ గల్లీ మొగదలకి కూడా పోలేదు. నాకొచ్చింది ఛాతీలో నీరు. పాతబస్తీలో ఒక పెద్ద హాస్పిటల్లో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తుండగా వచ్చింది. మందులు వేసుకుంటే తగ్గే జబ్బు. వేసుకున్నాను, తగ్గింది. కథ ఇక్కడే అయిపోవాలి. అవకపోవడానికి కారణం సెలవు.

ఏదో తేడాగా ఉందని తెలిసిన రోజు బాగా గుర్తుంది. డ్యూటీ రూమ్‌లో నేనే ఒక జోకు వేసి నేనే నవ్వాను. మా యూనిట్‌లో అది మామూలే, ఇంకెవరూ నవ్వరు కాబట్టి. నవ్వు సగంలో ఉండగా కుడి పక్కటెముకల కింద ఎవరో దబ్బనంతో పొడిచినట్టయింది. ఠక్కున ఆపేశాను. నాతో పాటు చేసే పీజీ సమీర్ కేస్ షీట్‌లోంచి తల ఎత్తాడు.

"క్యా రే, నీ జోకు నీకే గుచ్చుకున్నదా?"

"మజిల్ పెయిన్‌రా."

సమీర్‌ది హుస్సేనీ ఆలం. ఇంట్లో దక్కనీ, వార్డులో తెలుగు, కేస్ షీట్‌లో ఇంగ్లీషు, నన్ను తిట్టడానికి మూడూ. మా యూనిట్‌లో మా బ్యాచ్ పీజీలం ఇద్దరమే. ఒకడు లేకపోతే వాడి వార్డు, వాడి డ్యూటీ రెండోవాడి నెత్తిన పడతాయి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పొడి దగ్గు. ప్యాంటు జారుతుంటే మెస్ వంటవాడి పుణ్యం అనుకున్నాను. ఇవే లక్షణాలతో పేషెంట్ వస్తే, మొదటి వాక్యం పూర్తి చేయనివ్వకుండా చెస్ట్ ఎక్స్‌రే రాసేవాణ్ణి. నాకు మాత్రం పారాసెటమాల్, రేపు చూద్దాం అనే మాట, రెండూ పూటకొకటి చొప్పున రాసుకున్నాను. రౌండ్స్‌కి మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయిన రోజున సమీర్ నా కాలర్ పట్టుకుని ఎక్స్‌రే రూముకి లాక్కెళ్ళాడు.

ఫిల్మ్ చూసిన అసోసియేట్ ప్రొఫెసర్‌కి అది ఎవరిదో తెలియదు. కుడివైపు కిందంతా నీటితో తెల్లగా ఉంది. ఆయనకి కోపం వచ్చింది.

"ఇంత ఎఫ్యూషన్ ఉంటే ఎవర్రా వదిలేసింది? ఈ పేషెంట్‌ని చూస్తున్న పీజీ ఎవడు?"

"నేనే సార్."

"పేషెంట్ ఏడి?"

"అదీ నేనే సార్."

ప్లూరల్ ట్యాప్ చేశారు, అంటే ఆ నీటిని వీపులోంచి సూదితో తీయడం. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని దిండు కరుచుకోవాలి. ఎందరికో నేను చేశాను, చేసేముందు "చీమ కుట్టినట్టుంటది, అంతే" అని అందరికీ చెప్పాను. ఆ చీమ గురించి నా అభిప్రాయం మారింది. రిపోర్టుల్లో టీబీని పట్టిచ్చే ఏ.డి.ఏ. ఎక్కువ. ప్లూరల్ టీబీ. కఫంలో ఏమీ లేదు. "ఎవరికీ అంటించవు. ఏ.టి.టి. ఆరు నెలలు వేసుకో. ముందు కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో" అన్నారు సార్. చివరి వాక్యం ఆయన కూడా కొంచెం సిగ్గుపడుతూనే అన్నారు.

మాకు సెలవుల్లేవని ఎవరైనా అంటే నమ్మకండి. ఉన్నాయి. వారానికో రోజు ఆఫ్ కూడా ఉంది, పని ఒత్తిడిని బట్టి అనే తోకతో. ఆ తోకే ఎప్పుడూ ముందు నడుస్తుంది. ఉన్న సెలవులు దాటితే కోర్సు పొడిగిస్తారు, అటెండెన్స్ తగ్గితే బ్యాచ్‌తో పాటు పరీక్ష రాయనివ్వరు. ఇదంతా కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. మా డిపార్ట్‌మెంట్‌లో కాగితం మీద లేని పద్ధతి ఒకటుండేది. సెలవు కావాలంటే నీ బదులు చేసేవాణ్ణి నువ్వే వెతుక్కోవాలి. దాన్ని 'అడ్జస్ట్ చేసుకోవడం' అంటాం. ఛాతీలో నీళ్ళు పెట్టుకుని హెచ్.ఓ.డి. మేడమ్ ముందు నిలబడ్డాను.

"లీవ్ నీ హక్కు నాయనా, నేను కాదంటలేను. మరి నీ డ్యూటీలు ఎవరు చేస్తరు? ఆ పేరు చెప్పు, సంతకం పెడత."

ఉన్నది ఒక్క పేరు. అదే చెప్పాను.

అజ్ఞాతవాసం అన్నానే, అది హాస్టల్ గదిలో. ఇల్లు జల్‌పల్లిలో, బస్సెక్కితే వెళ్ళిపోయేంత దూరం. కానీ రెండు గదుల ఇంట్లో అక్క పురిటికొచ్చి ఉంది. నాది అంటదని నాకు తెలుసు. అయినా ఉయ్యాల ఉన్న ఇంట్లోకి టీబీ అనే మాటని ఏ చేత్తో పట్టుకెళ్ళాలో తెలియలేదు. బాపుది గుడిమల్కాపూర్‌లో పూల వ్యాపారం. మార్కెట్ పని అయ్యాక ఫోన్ చేసేవాడు.

"ఆదివారం గూడ వస్తలేవేంది బిడ్డా?"

"డ్యూటీ బాపు."

"మంచిగ తింటున్నవా?"

"మస్తు తింటున్న."

చేరినప్పటి నుంచి ఇదే జవాబు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లోవాళ్ళు నేను హాస్పిటల్లో ఉన్నాననుకున్నారు. హాస్పిటల్లో చాలామంది ఇంటికెళ్ళాననుకున్నారు. నేను గదిలో మంచం మీద ఉన్నాను. కిటికీలోంచి కింద గాజుల బండివాడి బేరాలు వినిపించేవి. వింటూ వింటూ నాకు గాజుల సైజులన్నీ వచ్చేశాయి. మాట్లాడే మనిషి లేకపోతే జోకులు ఏమవుతాయో కూడా అప్పుడే తెలిసింది. ఏమీ కావు. లోపలే ఉంటాయి, గ్యాస్ లాగ.

మొదట్లో సమీర్ డ్యూటీ దిగి వచ్చేవాడు. తర్వాత మెసేజ్‌లు పెట్టేవాడు. తర్వాత నా మెసేజ్‌కి బొటనవేలి బొమ్మ ఒక్కటే వచ్చేది. వాణ్ణి తప్పు పట్టలేను. నేను పడుకున్న ప్రతి గంటా వాడు నిలబడ్డ గంటే. పుస్తకంలో నా ఖాతాలోంచి తగ్గుతున్నది సెలవులు, నిజంగా తగ్గుతున్నది వాడు.

అప్పుడే వాడి చెల్లెలి నిఖా కుదిరింది. వాళ్ళకి తండ్రి లేడు, ఇంటికి పెద్ద మగదిక్కు వీడే. చాలా ముందే లీవు పెట్టాడు, మేడమ్ ఒప్పుకున్నారు కూడా, నేను వచ్చి చేరితే. వాడికి లీవు కావాలంటే నేను లేవాలి. లేచాను. ఊపిరి కాస్త నయమైంది, జ్వరం లేదు. పైగా నా అటెండెన్స్ కూడా దక్కుతుంది, బ్యాచ్‌తో పరీక్ష రాయొచ్చు. చెప్పినదానికంటే ముందే జాయినైపోయాను. ఆ రోజు సమీర్ నన్ను వాటేసుకుని "ఇగ నీ జోకులకు గూడ నవ్వుత, పో" అన్నాడు.

నాలుగు రోజులు నిజంగానే నవ్వాడు.

ఆ నాలుగు రోజులూ నాకు అన్నం చూస్తే కడుపులో తిప్పేది. ఏ.టి.టి., అంటే టీబీ మందుల మీద ఉన్న మనిషికి వికారం వస్తే ఆ రోజే ఎల్.ఎఫ్.టి., అంటే లివర్ పరీక్ష పంపాలని జూనియర్లకి క్లాసు పీకేవాణ్ణి నేనే. నాకు మాత్రం ఎసిడిటీ అని రాసుకున్నాను. ఎల్.ఎఫ్.టి. పంపితే ఏమొస్తుందో భయం. వస్తే మందులు ఆపాలి, నేను ఆగాలి, వాడి లీవు ఆగాలి. పెళ్ళి అయ్యేదాకా లివర్ని అడ్జస్ట్ చేసుకోమన్నాను. లివర్‌కి మా డిపార్ట్‌మెంట్ పద్ధతులు తెలియవు.

నిఖాకి ముందురోజు సమీర్ వార్డు అప్పజెప్తున్నాడు. బెడ్ల వారీగా చెప్పుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇటు తిరుగు."

"ఎందుకురా?"

"వెలుతుర్ల నిలబడు. కింది రెప్ప గుంజు."

నేను గుంజలేదు. వాడే గుంజాడు. నా కంటి తెల్లగుడ్డు పసుప్పచ్చగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"ఎసిడిటీ అనుకున్న..."

"ఎంబీబీఎస్ ఎక్కడ కొన్నవ్‌రా? బేగంబజార్ల హోల్‌సేల్‌ల తెచ్చినవా?"

సిరంజి వాడే తెచ్చాడు, రక్తం వాడే తీశాడు. రిపోర్టు రాగానే సార్ మందులన్నీ ఆపించేసి అడ్మిట్ చేశారు. "ఏ.టి.టి. ఇండ్యూస్డ్ హెపటైటిస్. ఇంకొన్నాళ్ళు ఆగుంటే నీతో మాట్లాడే అవసరం ఉండేది కాదు" అన్నారు. అంటే టీబీ మందులే నా లివర్ని దెబ్బతీశాయి. మా వార్డులోనే మూల బెడ్. వార్డు మళ్ళీ సమీర్ తీసుకున్నాడు, ఎవరూ అడగలేదు. మా బాపుకి ఫోన్ చేసింది కూడా వాడే.

బాపు వచ్చి బెడ్ పక్కన నిలబడి నా చేతికున్న సెలైన్ క్యానులా వైపు చూశాడు.

"డ్యూటీ అన్నవ్ గదరా. గిదేం డ్యూటీ? పండుకునే డ్యూటీయా?"

స్టూలు లాక్కుని కూర్చుండిపోయాడు. "ఇంట్ల పసిపిల్లగాడు ఉన్నడని చెప్పలే" అన్నాను. "వాడు గూడ నీకు అల్లుడే గదరా, ఏమనుకుంటడు" అన్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం సమీర్ నిఖాకి వెళ్ళి, సంతకాలు కాగానే తిరిగొచ్చేశాడు. షేర్వానీ మీద ఏప్రన్. మెడలో గులాబీల దండ, దాని మీద స్టెత్. వార్డులో ముసలాళ్ళు కొత్త పెద్ద డాక్టరనుకుని లేచి కూర్చున్నారు. నా దగ్గరికొచ్చి బిర్యానీ డబ్బా టేబుల్ మీద పెట్టాడు. దాని వాసనకే నాకు వాంతి వచ్చింది. అంత బాగా ఇంకెవరూ థాంక్స్ చెప్పి ఉండరు.

"రుఖ్సతీకి ఉండలేదా?" అన్నాను. అంటే పెళ్ళికూతుర్ని అత్తారింటికి సాగనంపడం.

"ఉంటె ఈవెనింగ్ రౌండ్స్ ఎవరు జేస్తరు? నీ బాప్ జేస్తడా?"

పక్కనే స్టూలు మీదున్న బాపు మెల్లగా అన్నాడు, "నేర్పితె చేస్తుంటి బిడ్డా."

సమీర్‌కి నవ్వు వచ్చింది. సగంలోనే మొహం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటి నుంచి వాడికి రెండుసార్లు ఫోన్ వచ్చింది, రెండోసారి వరండాలోకెళ్ళి మాట్లాడి వచ్చాడు. కళ్ళు తుడుచుకుని నా బీపీ చూశాడు. నంబరు చెప్పి పక్క బెడ్‌కి వెళ్ళాడు.

లివర్ దారికొచ్చాక మందులు ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టారు. అప్పటికి సెలవులూ అయిపోయాయి, అటెండెన్సూ అయిపోయింది. కాలేజీ ఆఫీసు సెక్షన్‌లో క్లర్క్ ఫైలు చూసి, "మీరు బతికిన్రు, మస్తు సంతోషం సార్. ఎగ్జామ్ మాత్రం జూనియర్లతోనే" అన్నాడు. సమీర్ మా బ్యాచ్‌తో పరీక్ష రాసి, పాసై, వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళాడు. అప్పుడప్పుడు "లివర్?" అని ఒక్క మాట పంపుతాడు. "నార్మల్" అని పంపుతాను. గొడవ పడలేదు. గొడవ పడేంత తీరిక మాకెప్పుడూ దొరకలేదు. దొరికుంటే బాగుండేదని గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు అనిపిస్తుంది.

ఇప్పుడు నేను పొడిగించిన కాలంలో ఉన్నాను. మందుల కోర్సు పూర్తయింది. జూనియర్లు 'అన్నా' అంటారు, మెస్‌లో మాత్రం వాళ్ళ టేబుల్ నిండిపోయి ఉంటుంది. జబ్బు పడ్డవాడే బదులు మనిషిని వెతుక్కోవడం ఏమిటని మేడమ్‌కి ఒక అర్జీ రాసిచ్చాను. ఆవిడ చదివి, "సరే, నువ్వు చెప్పింది కరెక్టే" అని రోస్టర్‌లో రిలీఫ్ అని ఒక గడి పెట్టించారు. అందులో ప్రస్తుతం ఉన్నది నా పేరే. మొన్న ఒక జూనియర్ అమ్మాయి జ్వరంతో డ్యూటీ చేస్తూ, "అన్నా, లీవ్ పెడితే నా ఫ్రెండ్‌కి కష్టం" అంది. "నీ ఫ్రెండ్ కాదమ్మా, నేను చేస్త. పో" అన్నాను. పోయింది. ఆమె వార్డు చూసుకుంటూ కూర్చున్నాను.

పీజీలకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మందులు వేసుకుంటూ అన్నం సయించకపోతే ఆ రోజే ఎల్.ఎఫ్.టి. చేయించుకోండి. దానికి పరగడుపున ఉండాల్సిన పని లేదు, టిఫిన్ చేసి వెళ్ళొచ్చు.