మా వదిన నేర్చుకున్న రెండు మాటలు

పోయిన మంగళవారం పొద్దున్న మా వదిన కన్నుమూసింది. గోడకి అవతల ఏడుపు వినబడగానే నాకు ముందుగా గుర్తుకొచ్చింది ఆవిడ పెళ్ళిచూపులనాటి ఒక మాట. దేవరాపల్లిలో వాళ్ళింటి వసారాలో కూర్చుని మా అన్నయ్య ఆవిడ తండ్రికి మాటిచ్చాడు: "పెళ్ళయ్యేక కూడా సదువు మానిపించనండి. టీచరు ట్రైనింగు సేయిస్తాను. నాదీ పూచీ." నేనప్పుడు నిక్కర్లు వేసుకునే వయసువాణ్ణి. జంతికల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలుపు వెనక నిలబడ్డ ఆ పిల్ల ముఖం ఎలా వెలిగిందో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పెళ్ళయింది. ఆ ఏడు చెరకు నాట్లన్నాడు. మరుసటేడు అమ్మకి బాగులేదన్నాడు. ఆ తర్వాత ఆవిడ ఇంకోసారి అడిగితే అందరి ముందూ నవ్వేశాడు. "నలుగురి ముందర నిలబడి పాటం సెప్పడవే? నీకేటి తెలుసే?" అన్నాడు.

ఆ మాట ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కూతురి సంబంధం దాకా మా అన్నయ్య జవాబు అదే. కొన్నేళ్ళు గడిచాక తను అనవలసిన అవసరం కూడా లేకపోయింది. పాలు పొంగినా, తలుపు గొళ్ళెం పడకపోయినా, "మొద్దుదాన్ని, నాకేటి తెలుసు" అని ఆవిడే గొణుక్కునేది. గొంతు ఆవిడది, మాట మా అన్నయ్యది.

నేను పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక చోడవరంలో వాళ్ళ ఇంటి వెనక వాటాలో పుస్తకాలు వేసుకుని ఉంటున్నాను. రెండు పూటలా అన్నం పెట్టింది ఆవిడే. పళ్ళెంలో వడ్డించి, నేను మొదటి ముద్ద మింగేదాకా కదిలేది కాదు. బాగుందంటే నమ్మేది కాదు. "నువ్వు నా మనసు నొప్పించవులే బాబూ" అనేది.

రెండేళ్ళ కిందట ఆవిడకి కడుపులో నొప్పి మొదలయింది. అన్నం తింటూ ఉండగా, నా ఎదటే, మా అన్నయ్యతో చెప్పింది. "ఇదిగో, కడుపులో ఏదో తేడాగా ఉంతందండీ. రెండు ముద్దలకే నిండిపోతంది."

"గేసు. ఇంత వాము నవులు."

"గేసు కాదేమోనండీ."

"నీకేటి తెలుసే? పులుసు వెయ్యి."

వేసింది. తర్వాత కూడా చెప్పింది, ఒకసారి వీధి గుమ్మంలో, ఒకసారి పొలానికి క్యారేజీ అందిస్తూ. వాము పోయి వెల్లుల్లి వచ్చింది, వెల్లుల్లి పోయి ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన గులాబీరంగు మందు వచ్చింది. ఆవిడ గాజులు మోచేతి దాకా జారడం మొదలెట్టాయి. వాటి చప్పుడే మారిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్దామని నేనంటే, "బెమ్మచారికి ఆడోళ్ళ రోగాలేటి తెలుసురా?" అన్నాడు మా అన్నయ్య. ఆవిడనే అడిగాను. "నాకేటి తెలుసు బాబూ? మీ అన్న గేసంతన్నారు కదా" అంది. ఆవిడ కదలకపోతే నేను ఎత్తుకుపోలేను కదా.

ఆ రోజుల్లోనే అనకాపల్లి బస్టాండులో ఒక పుస్తకం కొన్నాను. మనసుకి మంచి మాటలు చెప్పుకుంటే బతుకు మారిపోతుందని చెప్పే రకం. అట్టమీద ఒకాయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటాడు. ఇలాంటి పుస్తకాలంటే నాకు ఒళ్ళుమంట. లోకంలో ఉన్న అన్యాయమంతా అద్దం ముందు నిలబడి సర్దుకొమ్మంటాయి. అయినా కొన్నాను. భయం పట్టుకున్నవాడు దేన్నయినా కొంటాడు.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ నాలుగు పేజీలు చదివి పకపకా నవ్వింది. "ఇదేటి బాబూ, ‘నేను విజేతను’ అనుకోమంతన్నాడు! పాలల్లో నీళ్ళెందుకు కలిపేవని పాలోణ్ణి అడగలేను. నానేటి గెలిసేను?"

నాకు కోపం వచ్చింది. "వదినా, బియ్యం అయిపోయాయి అని ఏనాడైనా అన్నావా?"

"ఇస్! అలగనకూడదు. నిండుకున్నాయనాల."

"దీపం ఆరిపోతే?"

"కొండెక్కిందనాల. ఏటి బాబూ, తెలీనట్టు అడుగుతన్నావు?"

"ఖాళీ డబ్బాకి కూడా చెడ్డమాట రానివ్వవు. పొద్దస్తమానం నిన్ను నువ్వు మొద్దు మొద్దు అని తిట్టుకుంటావేం? ఆ డబ్బా పాటి చెయ్యవా?"

బియ్యంలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. తర్వాత, "అయితే అబద్దం అననోయ్. నమ్మగలిగిందే అనుకుంతాను" అంది.

మర్నాటి నుంచి పెరట్లో కుళాయి పక్కన మేకుకి వేలాడే చిన్న అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ ఒకే ఒక మాట అనుకునేది. గోడ ఇవతల నాకు వినబడేది. మొదటి రోజు, "నిన్న చారు బాగుంది. పెట్టింది నానే." నాకు నవ్వొచ్చింది. ఇంకోరోజు, "ఆవు ఈనినప్పుడు దూడ అడ్డం తిరిగింది. సరిసేసింది నానే." ఆ తర్వాత, "మనవరాలికి జ్వరవని ముందు కనిపెట్టింది నానే." ఒక్కోరోజు నోట మాట వచ్చేది కాదు. కుళాయి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఆ పూటంతా పాత గొణుగుడే. అలాంటి రోజు నా చేతిలో కాఫీ చల్లారిపోయేది. లోపల రోగం ఎంత జోరుగా నడుస్తోందో తెలియదు. ఈ మాటలేమో పసిపిల్ల నడకలా ఉన్నాయి. ఏది ముందు చేరుతుందో అని నాకు దడ.

ఒక పొద్దున్న ఆ అద్దం ముందు, "నాకు తెలుసు" అంది. అంతే. ఇంకేమీ అనలేదు.

కాసేపటికి గంజిచీర కట్టుకుని, చేతిసంచీతో వీధిలోకి వచ్చింది. మా అన్నయ్య చెరకు కోతకొచ్చిన కూలీలతో టీ తాగుతున్నాడు.

"ఎక్కడికే?"

"విశాఖపట్నం. కడుపు సూపించుకోడానికి."

"గేసుకి విశాపట్నవేటే? నీకేటి తెలుసు?"

ఆవిడ గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది. "నా కడుపు సంగతి నాకు తెలుసండీ" అంది. నా వైపు తిరిగి, "బాబూ, తోడు రా. మాటాడ్డం నాను మాటాడతాను" అంది. కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ వెనక్కి చూడలేదు.

బస్సు సబ్బవరం దాటేదాకా కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉంది. పక్క సీటావిడ, ఏదో స్తోత్రం చదువుకుంటోంది కాబోలనుకుని, జరిగి చోటిచ్చింది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు నన్ను చూసి, "ఏంటండీ ఈవిడ ప్రాబ్లెమ్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా వదిన, "నన్నడుగు బాబూ. కడుపు నాది" అంది. అతను కుర్చీ తిప్పుకున్నాడు. నొప్పి ఎటు పక్క మొదలవుతుందో, ఏది తింటే ఆగుతుందో, ఎప్పుడు వాంతి వస్తుందో ఒక్కటీ తడబడకుండా చెప్పింది. అతను రాసుకున్నాడు. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం పోయాక రిపోర్టుకి మళ్ళీ ఇద్దరం వెళితే, ఆ డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, కేన్సరని, ముందే వచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్ళమన్నాడు. ఎంత ముందు అని నేను అడగలేదు. అడిగితే చెబుతాడని భయం.

తిరిగొచ్చే బస్సులో ఆవిడకి నిజం చెప్పాను. అడిగింది కనక చెప్పాను. కిటికీ లోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చుంది. సబ్బవరం దాటాక, "ఆ డాక్టరు బాబు నా మాట రాసుకున్నాడు, సూసేవా?" అంది. గొంతులో సంతోషం. ఆ సంతోషాన్ని నేను ఇప్పటికీ భరించలేకపోతున్నాను.

మంచిమాట అనుకుంటే రోగం పారిపోతుందని రాసిన ఆ పుస్తకాన్ని అవతల పారేయబోయాను. ఆవిడ లాక్కుంది. "దాని మీదెందుకు కోపం? నానేటి రోగం తగ్గాలని అనుకున్నానా? బస్సెక్కాలని అనుకున్నాను, ఎక్కేను" అంది. మంచం పట్టాక కూడా నలతగా ఉన్నప్పుడు పాత మాట నోటిదాకా వచ్చేది. "నాకేటి..." అని ఆగి, పెదవి కొరుక్కుని, దుప్పటి సర్దుకునేది. మా అన్నయ్య మంచం పక్కన కూర్చుని బత్తాయి తొనలు వొలిచి నోట్లో పెట్టేవాడు. అదీ నేను చూశాను. చూసింది చూసినట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు పరామర్శకి జనం వస్తున్నారు. వడ్డాది నుంచి, దేవరాపల్లి నుంచి చుట్టాలు వస్తున్నారు. ఇంత ముదిరేదాకా ఎలా ఊరుకున్నారని ప్రతివాళ్ళూ అడుగుతారు. వీధి వసారాలో తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్న మనిషి నోట వాళ్ళకొక జవాబు వినబడుతోంది: "సెప్తే కదండీ తెలిసేది! నోరిప్పే మనిసి కాదు. లోపలే దాసుకుంది." అందరూ తలలూపుతున్నారు. పాపం, సహనం గల ఇల్లాలు అంటున్నారు. ఇంకో పది రోజులు పోతే ఊరంతటికీ అదే నిజమైపోతుంది. ఆ భయంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను.

చదివేవారు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మా వదిన దాచలేదు. అన్నం దగ్గర చెప్పింది, గుమ్మంలో చెప్పింది, క్యారేజీ అందిస్తూ చెప్పింది. ప్రతిసారీ స్పష్టంగా చెప్పింది. చెప్పింది మా అన్నయ్యకి.