బాపు కడిగిన ఫిల్టరు

జడ్చర్ల దగ్గర పలుగురాయిని పొడి చేసే మిల్లులో బాపూ నేనూ కలిసి పనిచేసిన రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బాపు అంటే మా నాయన. సాయంత్రం మరలు ఆగాక షెడ్డు ఊడ్చే పని ఆయనది. చీపురు తగిలితే చాలు, తెల్లటి దుమ్ము లేచి దూలాల దాకా పోయేది. మూతికి తువ్వాల కట్టుకున్నా ఆగేది కాదు. బాపుకు దగ్గు పట్టుకుంది. ఆ పంతొమ్మిది వందల అరవైలలో మా వైపు దాన్ని ఎవరూ రోగం అనలేదు, మిల్లు దగ్గు అనేవాళ్లు. దవాఖానలో బాపును చూసిన డాక్టరు మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు. "ఆ దుమ్ము ఇంక లోపలికి పోవద్దు. పోతే మనిషి దక్కడు."

పని మానమంటే బాపు వింటాడా? "ఇంట్ల కూసుంటే దగ్గు తగ్గుతదా?" అని నన్నే దబాయించేవాడు.

అలాంటప్పుడు మిల్లు సేటు దుమ్ము పీల్చే మిషను తెప్పించాడు. బొంబాయిలో ఏదో కార్ఖానా మూతపడితే చవగ్గా దొరికిందట. మా మీద ప్రేమ ఏమీ కాదు, నేలపాలయ్యే పొడిని కూడా సంచులకెత్తాలని ఆయన ఆశ. ఏదైతేనేం, వచ్చింది. దాన్ని బిగించిన మెకానిక్కు నాకు నడపడం నేర్పి, లోపలున్న ఫిల్టరు చూపించాడు. మడతలు మడతలుగా దళసరి కాగితం. కంటికి ఆనని సన్నటి దుమ్మును పట్టేది అదేననీ, నీళ్లు తగిలితే ఇక పనికిరాదనీ చెప్పాడు. ఆ మాట నేను షెడ్డులో అందరికీ చెప్పాను. బాపుకైతే మళ్లీ మళ్లీ చెప్పాను.

చీపురు మూలకు పడింది. బాపు గొట్టం పట్టుకుని నేలంతా తిరిగేవాడు. కొన్నాళ్లకు దగ్గు సద్దుమణిగి, కంటినిండా నిద్రపోసాగాడు. "గీ మిషను నా పాలిటి దేవుడు బిడ్డా" అన్నాడొకరోజు. నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇంతలో దసరా వచ్చింది. దసరాకు పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి మొక్కడం మా ఆనవాయితీ. నేను పూలకూ గుమ్మడికాయకూ బజారుకు వెళ్లి వచ్చేసరికి మిషను మూత ఊడదీసి ఉంది. ఫిల్టరు ఎండలో బండ మీద ఆరుతోంది. మడతలు విచ్చుకుపోయి, ఒకచోట చిరిగి, నాలుగు అంచులకూ పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

"ఎవరు చేసిండ్రు గీ పని?" అని అరిచాను.

"నేనే. కుంకుడు రసంతోని మంచిగ కడిగిన" అన్నాడు బాపు నవ్వుతూ.

"నీళ్లు తగలొద్దని చెప్పలేదా?"

"పని దినాలల్ల తగలొద్దన్నవ్. పండుగనాడు దేవునికి తానం చేయించకుంటె ఎట్ల?"

ఏమని తిట్టను ఆ మనిషిని? ఇంకెవరైనా అయితే కొట్టేవాణ్ణే.

మర్నాడు ఆ ఫిల్టరునే బిగించి మిషను నడిపితే, ముందు నుంచి పీల్చిన దుమ్మును వెనక నుంచి ఊదింది. బరక పొడి డబ్బాలో పడుతోంది, సన్నటిదంతా బాపు మొహాన పడుతోంది. వెంటనే ఆపేశాను. కొత్త ఫిల్టరు తెప్పించమని సేటును అడిగితే, "పొడి డబ్బాల పడుతాంది గద, ఇంకేం ఫికర్?" అన్నాడు. బతిమాలాను, పోట్లాడాను. "తెప్పిస్త తియ్" అనడమే తప్ప తెప్పించింది లేదు. ఫిల్టరు జాగాలో గోనెగుడ్డ కడితే మోటారు కాలిన వాసన వచ్చింది. నేల తడిపి ఊడుద్దామంటే, తడిసిన పొడి ఎవరు కొంటారని సేటు కస్సుమన్నాడు. చీపురు మళ్లీ బాపు చేతికి వచ్చింది. దగ్గూ వచ్చింది. బాపు అడిగినప్పుడల్లా "ఫిల్టరు వస్తాంది బాపూ" అని చెప్పేవాణ్ణి.

మరుసటి దసరాకు బాపు నడవలేకపోయాడు. సైకిలు మీద కూర్చోబెట్టుకుని షెడ్డుకు తీసుకొచ్చాను. మూలన పడి ఉన్న మిషను ముందు చతికిలబడి, మూత తీయకుండా, పొడిగుడ్డతో పైపైనే తుడిచి బొట్టు పెట్టాడు. దగ్గుతెర ఆగాక నా వైపు చూశాడు.

"ఈసారి సుక్క నీళ్లు తగలనియ్యలే బిడ్డా. ఇగ నడిపియ్యి" అన్నాడు.

లోపల ఫిల్టరే లేదు. "పండుగ కాంగనె నడిపిస్త బాపూ" అని సైకిలు దగ్గరికి తెచ్చాను.