మిరుగు నాటి రొయ్యలు

ఇది మూడేళ్ల కిందటి జూన్ సంగతి. కామారెడ్డిలోని ఒక ఆసుపత్రి ల్యాబులో నేను మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. చీము గానీ రక్తం గానీ నా బల్ల మీదికి వస్తే, అందులో ఉన్న క్రిమిని పెంచి, అదేమిటో పోల్చి చెప్పడం నా పని. ఉండేది ఎల్లారెడ్డిలో, రోజూ బస్సులో వచ్చిపోతాను. అప్పటికే పదిహేడేళ్లుగా ఆ బల్ల ముందు కూర్చున్నదాన్ని. మా దిక్కు మనుషులకు ఏ క్రిములు పట్టుకుంటాయో నాకు తెలియనిది లేదన్న పొగరు ఉండేది.

మృగశిర కార్తె మొదలైన రోజును మేం మిరుగు అంటాం. ఆ రోజు చేప ముక్క నోట్లో పడాల్సిందే. ఎల్లారెడ్డి చేపల బజారులో కాలు పెట్టే సందు ఉండదు. అందరిదీ ఒకటే ప్రశ్న, నిజాంసాగర్‌వేనా అని. డ్యాం నీళ్లలో పెరిగితేనే రుచి అని మా పట్టుదల. నాకైతే అది మరీ ఎక్కువ. ఆ ఏడు చేపలమ్మే రాజవ్వ దగ్గర రొయ్యలు తీసుకుంటూ మూడుసార్లు అడిగాను.

రాజవ్వకు యాభై దాటాయి. నా పెళ్లయిన నాటి నుంచీ ఆమె దగ్గరే కొంటున్నాను. "ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా? నిజాంసాగర్‌యే. పొద్దుగాల పట్టినయి," అని విసుక్కుంటూనే, నాకు బద్ధకమని తెలిసి రొయ్యలు ఒలిచి మరీ ఇచ్చింది. ఇంట్లో వండుకుని తిన్నాం. డ్యాం రొయ్య రుచే వేరని మా ఆయన మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం వార్డు నుంచి ఒక శాంపిల్ వచ్చింది. చేతి మీద పొక్కులా లేచిన బుగ్గలోంచి తీసిన నీరు, నల్లగా, నెత్తురు కలిసి ఉంది. చీటీ మీద పేరు చూసి పైకి పరుగెత్తాను. రాజవ్వే. కుడి చేయి మోచేతి దాకా వాచిపోయి, తోలు మీద నల్లటి బుగ్గలు లేచి ఉన్నాయి. జ్వరంతో వణుకుతోంది. నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. నొప్పి వల్ల అనుకున్నాను.

సర్జన్ సార్ అప్పటికే పుండు కోసి శుభ్రం చేశారు. ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో పెన్నుతో చేతి చుట్టూ గీత గీశారు. గీత దాటితే ముదిరినట్టు లెక్క. పుండ్లలో మామూలుగా కనిపించే క్రిములకు ఇచ్చే మందులే ఎక్కిస్తున్నారు. ఎప్పుడో పసిరికలు, అంటే కామెర్లు వచ్చి ఆమె కాలేయం బాగా చెడిందని రక్త పరీక్షలో తేలింది.

మూడో రోజు పొద్దున కల్చర్ ప్లేటు తీశాను. కల్చర్ అంటే క్రిములకు తిండి పెట్టి పెంచడం. ప్లేటు నిండా పెరిగింది. మైక్రోస్కోపులో కొంచెం వంకర తిరిగిన గులాబీ రంగు పుల్లలు కనిపించాయి. ఆక్సిడేజ్ అనే కాగితం మీద రుద్దితే ఊదా రంగు వచ్చింది. చెరువు నీళ్లలో ఉండే ఏరోమోనాస్ ఇలాగే కనిపిస్తుంది. చేపలు కోసే మనిషి, డ్యాం నీళ్లు, ఇంకేం కావాలి? రిపోర్టు రాయబోయాను. ఆ వంకర మాత్రం మనసును వదల్లేదు. కలరా క్రిమి కూడా వంకరే, కానీ కలరా చేతిలోకి రాదు కదా!

ఎందుకైనా మంచిదని రెండు గొట్టాలు పెట్టాను. ఒకదానిలో ఉప్పు లేని రసం, ఇంకోదానిలో ఉప్పు వేసిన రసం. మధ్యాహ్నానికి ఉప్పు లేనిది తేటగా అలాగే ఉంది. ఉప్పుది మడ్డిగా మారింది. ఉప్పు లేకుండా బతకలేని క్రిమి! పుస్తకం తిరగేస్తే విబ్రియో వల్నిఫికస్ దగ్గర ఆగాను. కలరాకు చుట్టమే గాని కలరా కాదు. సముద్రం ఒడ్డున, ఉప్పు చెరువుల్లో, నీళ్లు వేడెక్కిన కాలంలో పెరుగుతుంది. చిన్న గాటు చాలు, లోపలికి దూరుతుంది. కాలేయం చెడినవాళ్లను ఒకటి రెండు రోజుల్లోనే ముంచేస్తుంది. అంతా సరిపోయింది, సముద్రం తప్ప. కామారెడ్డికి సముద్రం ఎక్కణ్నుంచి వస్తుంది?

నాకేమీ అర్థం కాలేదు. గొట్టాలు తారుమారు చేశానా? ఉప్పు పాళ్లు తప్పానా? నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. అయినా సర్జన్ సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను.

"సముద్రం క్రిమి మన ఎల్లారెడ్డిలనా? నువ్వు సరిగ్గ చూసినవా అమ్మా?" అన్నారాయన.

"నాక్కూడ నమ్మబుద్ధి అయితలేదు సార్. కానీ ఉప్పు లేకుంటే పెరుగుతలేదు."

ఆయన నన్ను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లారు. ఎర్రదనం పెన్ను గీత దాటి నాలుగు వేళ్ల మేర పైకి పాకింది. "అవ్వా, సముద్రం దిక్కు పోయినవా? ఆ చేపలు గిట్ట ముట్టినవా?"

రాజవ్వ నన్నొకసారి, మంచం చుట్టూ ఉన్న ఎల్లారెడ్డి వాళ్లనొకసారి చూసింది. "నేనేడికి పోత సారూ? నావి నిజాంసాగర్‌యే."

బయటికి వచ్చాక సార్ మెల్లగా అన్నారు. "కాలేయం చెడ్డ మనిషి. ఉత్త అనుమానంతోటి మందులు మార్చలేను. సాయంత్రం దాకా చూస్త. గిట్లనే పాకితే మోచెయ్యి పైదాంక చెయ్యి తీసెయ్యాలె, లేకుంటే మనిషి దక్కదు."

కుడి చేయి పోతే రాజవ్వ కత్తిపీట ముందు ఎలా కూర్చుంటుంది? నాకు భయమేసింది, ఏడుపు కూడా వచ్చింది. మెట్ల దగ్గర నిలబడి ఆలోచిస్తుంటే ఆమె మొహం తిప్పుకోవడం గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి మంచం చుట్టూ ఉన్నవాళ్లందరినీ చాయ్ తాగి రమ్మని పంపేశాను. మంచం మీద కూర్చున్నాను.

"రాజవ్వా, నీ రొయ్యలు నేను తిన్న. మంచిగనే ఉన్నయి, నాకేం కాలె. అవి ఏడికెళ్లి వచ్చినా నాకు కోపం లేదు. నిజం చెప్పు, చెయ్యి దక్కుతది."

 ఆమె కంటి నుంచి నీళ్లు తలకింది మెత్త మీదికి జారాయి. "నిజాంసాగర్‌యి పొద్దుగాలనే అన్నీ అమ్ముడువోయి ఒడిసినయి బిడ్డా. అటెన్క ఐసు డబ్బాలు దింపుకున్న. ఆంధ్రా కెళ్లి వచ్చినయి, ఉప్పు చెరువులయి. రొయ్య ముక్కు ముల్లు చిటికెన ఏల్ల దిగింది."

"మరి సారు అడిగితే ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు పక్కనే ఉంటివి. మూడుసార్లు అడిగితివి గదా ఆనాడు. మూడుసార్లు అవునంటి. ఇప్పుడు నీ ముంగట కాదని ఎట్ల అనాలె?"

 సార్ దగ్గరికి పరుగెత్తాను. పది నిమిషాల్లో మందులు మారాయి. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కు డాక్సీసైక్లిన్ జత చేశారు. ఈ క్రిమికి ఆ రెండూ కలిపి ఇస్తారు. సాయంత్రమే మళ్లీ థియేటర్లోకి తీసుకెళ్లి చచ్చిన కండ అంతా తీసేశారు. చిటికెన వేలు పోయింది. చేయి దక్కింది.

కొన్ని ముడులు ఇప్పటికీ విడలేదు. అలాంటి ముల్లు రోజూ ఎంతమందికి గుచ్చుకుంటుందో, వాళ్లకేమీ కాదు. ఆ ముల్లు గుచ్చింది నా రొయ్యలు ఒలిచేటప్పుడా, ఇంకెవరివో ఒలిచేటప్పుడా? రాజవ్వను అడిగితే గుర్తు లేదంటుంది. ఉడికితే క్రిమి చస్తుంది కాబట్టి తిన్న మాకు ఏమీ కాలేదు, గాటు పడ్డది ఆమెకే. నేను నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. రోగి అబద్ధమాడాడని విసుక్కునే ముందు, ఆ అబద్ధం ఎవరి కోసం మొదలైందో చూసుకోవాలి. రాజవ్వ చేత దాన్ని మూడుసార్లు చెప్పించింది నేనే.

మరుసటి మిరుగుకు ఆమె బజారులో కూర్చుంది. రబ్బరు గ్లౌజులు తొడుక్కుంది, చిటికెన వేలి భాగం ఖాళీగా వేలాడుతోంది. నా ముందున్నాయన అడిగాడు, "నిజాంసాగర్‌యేనా అవ్వా?"

రాజవ్వ నన్ను చూసింది. "కాదు బిడ్డా. ఐసు డబ్బాలయి."

ఆయన పక్కామె దగ్గరికి పోయాడు. అదే బండిలో దిగిన రొయ్యలు అక్కడ నిజాంసాగర్‌వి అయ్యాయి. నా వంతు వచ్చింది. ఎన్నో ఏళ్ల అలవాటు, ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అర కిలో ఇయ్యి రాజవ్వా," అన్నాను. "ఒలవకు. నేనే ఒల్చుకుంట."