పత్తి గోడౌనులో వన్స్ మోర్

మా బావగారి పత్తి గోడౌను ఖాళీగా ఉండటంతో మూడు రోజులు నాటకాలకిచ్చారు. మా తిరువూరులో నాటకమంటే కిరీటాలు, హార్మోనియం, తెల్లవార్లూ పద్యాలు. ఈ నాటకాల వాళ్ళేమో బెజవాడ నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన కుర్రకారు. తెర లేదు, మొహానికి రంగు లేదు, ఒక్కో నాటకం అరగంటే. పత్తి దుమ్ముకి చూసేవాళ్ళూ తుమ్మారు, ఆడేవాళ్ళూ తుమ్మారు.

నిజం చెప్పాలంటే నేను నాటకాల మీద మోజుతో వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుంటే కోపం ఆగటం లేదని వెళ్ళాను. మా ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి పిల్లలింకా బడికి వెళ్తున్నారు. ఆనాటి నుంచి మా కిరాణా కొట్టు నేనే నడుపుతున్నాను. నాటకాలు పెట్టిన వారంలోనే బావగారు ఇంటికొచ్చి, కాఫీ తాగి, "ఇన్నాళ్ళు కష్టపడ్డావు, ఇక చాలమ్మా. వచ్చే నెల నుంచి మావాడు కొట్లో కూర్చుంటాడు. నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండు" అని చెప్పి వెళ్ళారు. అడగలేదు, చెప్పారు. అన్నగారి ముందు మా ఆయన నేల చూపులు చూశారు. నేను ఆ కాఫీ గ్లాసు తీసుకెళ్ళి అరిగిపోయేలా తోమాను.

మొదటి రోజు ఒకబ్బాయి గేదెగా నటించాడు. నల్ల చొక్కా తప్ప వేషమేమీ లేదు. సంతకి తోలుకెళ్తుంటే ఆ గేదె మనసులో అనుకునే మాటలే నాటకం. నాకు ఏడుపొచ్చింది. ఆట అయిపోగానే మైకు జనంలోకి పంపి అభిప్రాయం అడగటం వీళ్ళ పద్ధతి. పెనుగొలను రైతు ఒకాయన లేచి, "బాగా చేశావు బాబూ. కానీ నెమరేసేటప్పుడు దవడ పైకీ కిందకీ ఆడదు, పక్కకి తిరగాలి" అన్నాడు. ఆ అబ్బాయి అక్కడికక్కడే తిప్పి చూపించాడు. మా ఊరి పెద్దలు మాత్రం మైకు అందితే చాలు, "వేదికనలంకరించిన" అని మొదలెట్టేవారు. అక్కడ వేదికే లేదు! రెండో రోజు నాటకంలో ఇద్దరు మనుషులు బస్సు కోసం నిలబడి ఒక్క ముక్కా మాట్లాడలేదు. నాకేమీ అర్థం కాలేదు. అర్థమైనట్టు తలలూపిన వాళ్ళని చూస్తే నవ్వొచ్చింది.

ఆఖరి రోజు ఒకే ఒక అమ్మాయి, ఒక కుర్చీ, ఒక తక్కెడ. కొట్టు నడిపే ఆడమనిషి కథ. వచ్చిన ప్రతివాడూ "సార్ లేరాండీ?" అని అడుగుతాడు. ఆ గొంతులన్నీ ఆ అమ్మాయే పలికింది. సేల్స్‌మన్ గొంతు వినగానే నేను సర్దుకుని కూర్చున్నాను. నాకది రోజూ వినే గొంతే. ఆమె తూకం వేస్తూనే ఉంది. తర్వాత తక్కెడ కింద పెట్టి, కంపెనీ సరుకు అమ్మవచ్చిన ఆ సేల్స్‌మన్‌తో, "సరుకు కొనేది నేను, డబ్బు కట్టేది నేను. మాట్లాడితే నాతో మాట్లాడు, లేదంటే మెట్లు దిగు" అంది.

"వన్స్ మోర్!" అని అరిచాను.

చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని చూసిన పద్య నాటకాల అలవాటది. రాగం నచ్చితే వన్స్ మోర్ అనాలి, నటుడు మళ్ళీ పాడాలి. మామూలు మాటల నాటకాన్ని అలా మధ్యలో ఆపకూడదట. నిర్వాహకుడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు, పక్కావిడ నా కొంగు లాగింది. తప్పయితే అయింది! నచ్చిన మాట నచ్చిందని అప్పుడే చెప్పకుండా మెప్పుని దాచుకోవడం నాకు చేతకాదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత తక్కెడ మళ్ళీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టి, రెట్టింపు గొంతుతో అదే మాట అంది. గంపలగూడెం నుంచి ఆటోలో వచ్చిన కూలి ఆడవాళ్ళు వెనక నుంచి ఈలలేశారు. ముందు వరసలో శాలువా కప్పించుకుని కూర్చున్న బావగారు వెనక్కి తిరిగారు. నా గొంతు ఆయనకి తెలుసు.

గోడౌను ఆయనది కాబట్టి మొదట మైకు ఆయనకే ఇచ్చారు. "అమ్మాయి బాగానే చేసింది. కానీ ఇది మన వైపు జరిగేది కాదండి. మనం ఆడవాళ్ళని నెత్తిన పెట్టుకుని చూసుకుంటాం" అన్నారు. చప్పట్లు పడ్డాయి.

నేను లేచాను. మైకు పట్టుకున్నతను నన్ను దాటుకుని మగవాళ్ళ వైపు వెళ్ళబోతుంటే, చేతిలోంచి తీసేసుకున్నాను.

"నేను ఈ ఊళ్ళో కిరాణా కొట్టు నడుపుతానండి. ఇక్కడున్న వాళ్ళలో సగం మంది నా దగ్గరే కందిపప్పు కొంటారు. కొంటూనే, ఆయన లేరా అని అడుగుతారు. కాబట్టి ఇది మన వైపు జరిగేదే. బావగారూ, వచ్చే నెల మీ అబ్బాయిని నా స్థానంలో కూర్చోబెడతానన్నారు. ఆ రోజు నాకు మాట రాలేదు. ఇప్పుడు వచ్చింది. నేను లేవను. మీవాడికి వ్యాపారం నేర్చుకోవాలనుంటే పంపించండి, పొట్లాలు కట్టడం దగ్గర్నుంచి నేనే నేర్పుతాను."

బావగారు శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నిర్వాహకుడు కంగారుగా నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఇంటి విషయాలు తర్వాత మాట్లాడుకోవచ్చండి. ముందు నాటకం మీద మీ అభిప్రాయం చెప్పండి."

"అదే చెబుతున్నాను బాబూ" అన్నాను.