జాకడ్ మీద వచ్చిన డైవ్ కంప్యూటర్లు

సముద్రం కింద పన్నెండు మీటర్ల లోతులో నేనొక అబద్ధమాడాను. నోట్లో గాలి గొట్టం ఉంది కాబట్టి నోటితో కాదు, వేళ్లతో ఆడాను. మాకు డైవింగ్ నేర్పుతున్న గురువు తన ముంజేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్‌ను నా మాస్కు ముందు పెట్టి, చదివావా అన్నట్టు తల ఎగరేశాడు. నాకు బూడిదరంగు మరక తప్ప ఏమీ కనబడలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, అంతా బాగుందని చూపించాను.

నలభై ఐదు దాటాక దగ్గరి చూపు మందగించడం నేరమేమీ కాదు. కానీ నేను బస్తర్ వైపు ఉన్న భోపాల్‌పట్నంలో మా దుకాణం గల్లా మీద కూర్చునే మనిషిని. కిరాణా ఒక పక్క, గిన్నెలు ఇంకో పక్క. గల్లా మీద కూర్చున్నదానికి చూపు ఆనడం లేదని బజారుకు తెలిస్తే, చిరిగిన నోట్లన్నీ దారి వెతుక్కుంటూ మా దగ్గరికే వస్తాయి. అందుకని రెండేళ్లుగా దాచాను. పాత సరుకు ధరలు నాకు కంఠతా వచ్చు. కొత్త సరుకు వస్తే, "దీని మీద ఏం రాసుందో చదువు, చూద్దాం" అని కొనడానికి వచ్చినవాళ్ల చేతనే చదివించేదాన్ని. వాళ్లు చదివితే మెచ్చుకునేదాన్ని కూడా. ఊళ్లో నాకు చదువంటే మహా ప్రేమ అని పేరొచ్చింది.

ఈ సముద్రం పిచ్చి అంటించింది మా తమ్ముడు. కిరందుల్ గనుల్లో యంత్రాలు బాగుచేస్తాడు. సెలవు పెట్టి, నన్ను విశాఖ రైలెక్కించి, నాలుగు రోజుల డైవింగ్ శిక్షణలో చేర్పించాడు. ఇంద్రావతిలో మోకాళ్లు దాటి ఎన్నడూ దిగని దాన్ని, నీటి కింద మొదటి శ్వాస పీల్చగానే నవ్వాను. నవ్వితే మాస్కులోకి నీళ్లు వచ్చాయి. మళ్లీ నవ్వాను, మళ్లీ వచ్చాయి. ఒక చారల చేప నా వేళ్ల దగ్గరికొచ్చి, బేరం కుదరని మనిషిలా ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. నా జీవితంలో నేను ఏమీ అమ్మకుండా, ఏమీ కొనకుండా సంతోషంగా గడిపిన మొదటి ముప్పావుగంట అదే.

చివరి రోజు ఒడ్డు మీద గురువు చెప్పాడు. వచ్చే నెల ఇంకా లోతుగా, సముద్రంలో దూరంగా ఉన్న రాళ్ల దగ్గరికి తీసుకెళ్తాడట. ఎవరి కంప్యూటర్ వాళ్ల చేతికి ఉండాలి, ఎవరిది వాళ్లే చదువుకోవాలి. అది లేనివాళ్లను, చదవలేనివాళ్లను గైడు చెయ్యి పట్టుకుని ఒడ్డు దగ్గరి లోతులేని చోట తిప్పుతాడు.

తిరుగు రైల్లో తమ్ముడు నన్ను వదల్లేదు.

"అక్కా, జాతరల తప్పిపోయిన పోరి లెక్క నిన్ను చెయ్యి వట్టుకొని తిప్పుతరు. నేను కిందికెళ్లి చేపలకు నీ పేరు చెప్పొస్త తీ."

"నువ్వు ముందు పో. నేను వచ్చి అడుగుత, చెప్పినవో లేదో."

అన్నాను. ఆ రాళ్ల దగ్గరికి నేను వెళ్లాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లాలి. దానికి నాకు కనబడే కంప్యూటర్ ఒకటి కావాలి.

కంప్యూటరంటే బల్ల మీద ఉండేది కాదు. లోతులో పీల్చే గాలిలోంచి నత్రజని రక్తంలోకి చేరుతుంది. ఎంత లోతుగా వెళ్తే, ఎంతసేపు ఉంటే అంత చేరుతుంది. ఎక్కువ చేరాక ఒక్కసారిగా పైకి వస్తే, సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. మనిషి పడిపోవచ్చు, పోవచ్చు కూడా. ఇంకా ఎన్ని నిమిషాలు కింద ఉండవచ్చో చేతి మీద ఈ యంత్రం క్షణక్షణం చూపిస్తూ ఉంటుంది. ఆ అంకె చదవలేకపోతే చేతికి యంత్రం ఉన్నా గాజు ఉన్నా ఒకటే.

విశాఖలో డైవింగ్ సామాను అమ్మే ఒకాయన నంబరు గురువు ఇచ్చాడు. అమ్మే ఆయన ఫొటోలు పంపించాడు. వాటిలో ఒకటి చూడగానే నా మనసు దానిమీద పడింది. పూరీ అంత వెడల్పు, మొద్దు ముఖం, ఫోనులోనే నాకు అద్దాలు లేకుండా కనబడిన అంకెలు. ఇక అక్కడ మా ఇంటి విద్య అడ్డొచ్చింది.

మా బాపు నాకు అక్షరాల కంటే ముందు నేర్పింది ఇది: అవసరం చూపిస్తే ధర పెరుగుతుంది. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకూ ఈ విద్య బాగా తెలుసు. తపేలా కావాలంటే ముందు బకెట్ అడుగుతారు, మూకుడు తిరగేస్తారు, ఛీ అంటారు, లేచి గుమ్మం దాకా పోతారు. అక్కడ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు, "గా తపేలా ఎంతకిస్తవ్?" అంటారు. వాళ్లకు కావలసింది తపేలా అని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. అయినా బకెట్ అడగకుండా బేరం మొదలవదు.

కాబట్టి నేను పూరీ మొహంది వదిలేసి, గడియారంలా ఉండే సన్నటి కంప్యూటర్ గురించి అడిగాను. ఎంత అందంగా ఉందో అన్నాను. నీళ్లలో కంప్యూటర్, బయట వాచీ, పెళ్లికి కూడా పెట్టుకుపోవచ్చు అన్నాను. చివర్లో ఆవులిస్తూ, ఆ మొద్దుది ఎంత అని అడగాలని నా పథకం.

అమ్మేవాడు మంచివాడు. అదే నా కొంప ముంచింది.

"మీకు వాచీ మోడలే కరెక్టండీ. ఆ పెద్దది చూపు తగ్గినవాళ్లు తీసుకుంటారు. మీకు అలాంటి ఇబ్బంది ఏం లేదు కదా?"

"ఛ, నాకేంది?" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకునే దారి బేరంలో ఎక్కడా లేదు. ఇక పరువు కోసం బేరం సాగించాల్సి వచ్చింది. చూడకుండా కొననన్నాను, జాకడ్ మీద పంపమన్నాను. జాకడ్ అంటే మా వైపు బజారు మాట. సరుకు ముందు పంపించాలి, నచ్చింది ఉంచుకుని డబ్బిస్తాం, నచ్చనిది చెక్కు చెదరకుండా తిప్పి పంపిస్తాం. చీరలకు, గిన్నెలకు ఇది మామూలే. డైవ్ కంప్యూటర్‌ను జాకడ్ మీద అడిగిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. ఆయన కాసేపు నవ్వి, గురువు పూచీ మీద ఒప్పుకున్నాడు.

జగదల్‌పూర్ దాకా కొరియర్‌లో, అక్కడి నుంచి బస్సు డ్రైవర్ సీటు పక్కన ప్రయాణం చేసి, నచ్చింది ఎంచుకోమని పంపిన రెండు వాచీ కంప్యూటర్లు మా దుకాణానికి వచ్చాయి. పెట్టె విప్పాను. నల్లటి పట్టీ, మెరిసే అంచు. చేయి బారున చాపి చూస్తే అంకెలు కనబడుతున్నాయి కూడా. చేయి ఇంకొంచెం పొడుగుంటే ఇంకా బాగా కనబడేవి.

నీళ్లలో వస్తువులు పెద్దగా కనబడతాయని గురువు చెప్పిన మాట మీద నా ఆశంతా. దుకాణం వెనక నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లి, మాస్కు పెట్టుకుని, వాచీ ఉన్న చేయితో సహా తల ముంచాను. మిట్టమధ్యాహ్నపు ఎండ. అంకెలు లడ్డూల్లా కనబడ్డాయి! లేచి కేకేశాను. బాపు వచ్చాడు. డెబ్బై దాటాయి, మెడలో తాడుకు కళ్లద్దాలు వేలాడుతుంటాయి.

"ఏంది బిడ్డా, మొఖం కడుక్కుంటున్నవా, మునుగుతున్నవా?"

చెప్పాను. ఆయన డ్రమ్మును చుట్టూ తిరిగి చూశాడు, పైనున్న సూర్యుణ్ణి చూశాడు.

"సముద్రంల గిసొంటి ఎండ ఉంటదా?"

"ఉండదు."

"నీళ్లు గింత తేటగ ఉంటయా?"

"విశాఖల... ఉండయ్."

"మరి సరుకును షోకేసుల చూసి కొంటున్నవేంది?"

వంటింట్లోంచి బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి డ్రమ్ములో పోశాడు. దాని మీద సగం దాకా టార్పాలిన్ కప్పాడు. వాచీ తనే పట్టుకుని, నేను చూపించిన బటన్ నొక్కుతూ పోయాడు. ఏ లోతుకు ఎన్ని నిమిషాలో ముందే చూసుకునే ఏర్పాటు అందులో ఉంది. ఒక చోట ఆపి, నీళ్లలో ముంచి, "చదువు" అన్నాడు.

తల ముంచాను. చీకటి, తెల్లటి మసక, మధ్యలో మిణుకుమనే ఏదో. లైటు వెలిగించమన్నాను. వెలుగొచ్చింది గానీ అంకె పెద్దది కాలేదు. లేచి, "పద్దెనిమిది" అన్నాను ధీమాగా.

బాపు అద్దాలు పెట్టుకుని చూశాడు.

"పదమూడు."

ఇంకోసారి అన్నాను. ఇంకోసారి పెట్టాడు. ఇంకోసారి తప్పాను. రెండో వాచీతోనూ తప్పాను. నాలుగోసారి ఆయన నీళ్లు దులుపుకుని, వాచీని అంగీకి తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఎన్నొద్దుల సంది కనబడతలేదు?"

"రెండేండ్లు."

"దుకాణంల తప్పు చదివితే ఓ సబ్బు ధర పోతది. ఆడ ఐదు నిమిషాలు తప్పు చదివితే?"

జవాబు చెప్పాల్సింది ఆయనకు కాదని తెలుసు. తడి తలతోనే వెళ్లి విశాఖకు ఫోను చేశాను. జీవితంలో మొదటిసారి అమ్మేవాడికి నా అవసరం నేనే చెప్పాను.

"నాకు దగ్గరివి కనబడవు. అద్దాలు మాస్కుల పట్టవు. పెద్ద అంకెలది కావాలె. గా పూరీ లెక్కుంటదే, అది."

"ఈ ముక్క మొదటిరోజే చెప్తే సరిపోయేది కదండీ?"

"చెప్తే ధర పెంచుతవని."

"అది ఈ వాచీల్లో సగం ధరండీ, మేడమ్!"

పక్కన బాపు దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు. తపేలా కొనడానికి వచ్చి వెండి బిందె బేరమాడి, అది కూడా మోసుకుపోబోయిన మనిషిని నేను.

ఆయన ఓపికగా చెప్పాడు. బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. బటన్లు రెండే. జాగ్రత్త ఎక్కువ పాటించే యంత్రం, అందుకని అదే లోతుకు వాచీల కన్నా నాలుగైదు నిమిషాలు తక్కువ చూపిస్తుంది. నా చెవి నిక్కింది.

"నిమిషాలు తక్కువిస్తే ధర గూడ తగ్గాలె గద?"

"ఆ నిమిషాలు నా దగ్గర ఉంచుకోవడం లేదండీ. మీ ఒంటికే కాపలాగా ఉంటాయి."

ధర జోలికి ఇక పోలేదు. కొసరుగా ఒక బ్యాటరీ, అద్దానికి అంటించే పల్చటి కవరు మాత్రం రాబట్టాను. వాచీలు రెండూ మర్నాటి బస్సులో జగదల్‌పూర్ వెళ్లాయి. వారం తిరక్కముందే పూరీ వచ్చింది. బియ్యం నీళ్ల డ్రమ్ములో, టార్పాలిన్ కింద, బాపు ఎన్నిసార్లు మార్చి పెట్టినా చదివాను. చివరికి ఆయనకే విసుగొచ్చింది.

తమ్ముడికి మాత్రం నెల తిరిగాక మళ్లీ విశాఖ వెళ్లే రైల్లోనే చెప్పాను. అరకు సొరంగాల్లో మా బోగీ చీకటి పడుతూ, వెలుగుతూ ఉంది. పగలబడి నవ్వుతాడనుకున్నాను.

"అంటే ఆ దినం నీళ్లల్ల, అంతా మంచిగుందని నువ్వు చూపెట్టింది..."

"ఏం కనబడకుండనే."

నవ్వలేదు. నా చేతి మీది యంత్రాన్ని తిప్పి చూసి, పట్టీ ఒక రంధ్రం బిగించాడు.

ఆ రాళ్ల దగ్గర లోతు పదిహేడు మీటర్లు. దిగుతున్నంతసేపూ ప్రతి మీటరూ చదివాను, గుడికి మెట్లు లెక్కపెట్టే ముసలమ్మలా. రాతి సందులో ఒక ఈల్ చేప మూతి మాత్రం బయటపెట్టి, మా అందరినీ చూసి నోరు తెరిచింది, మూసింది. పసుపు చేపల గుంపు నా మీదుగా, పక్కలుగా, కాళ్ల సందుగా పోతుంటే నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. బుడగలు వచ్చాయి.

తమ్ముడు ఇంకా కిందనున్న ఒక గుహ వైపు చూపించాడు, పోదామని. అతని చేతి మీద నిమిషాలు ఇంకా బాగానే ఉన్నాయి. నా దాని మీద ఆరు. పదహారు కాదు, ఎనిమిది కాదు, ఆరు. గుహ నాకూ చూడాలనే ఉంది. మహా ఉంది. తల అడ్డంగా ఊపి, నా అంకె అతని మాస్కు ముందు పెట్టి, వేళ్లతో ఆరు చూపించాను. అతను నా వైపు తిరిగి, నాతో పైకి వచ్చాడు. ఒంట్లోని నత్రజని తగ్గేందుకు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. సెకన్లు దిగుతూ పోతుంటే ఒక్కటీ వదలకుండా చదివాను.

పడవెక్కగానే గురువును అడిగాను, మళ్లీ ఎప్పుడు దింపుతావని. గంట ఆగాలన్నాడు. ముప్పావుగంట అన్నాను. గంటే అన్నాడు. గంట ఆగాను, మాస్కు నుదుటి మీదనుంచి తీయకుండా.